ఊడవని వాకిలి

సోమవారం పొద్దున్నే గుమ్మంలో తట్ట దించిన అచ్చమ్మ, కత్తిపీట వాల్చుకుని పండుగప్ప తల మీద చెయ్యి వేసింది. మెయ్‌యింగ్ గబుక్కున వంగి ఆమె మణికట్టు పట్టుకుంది.

"తల తియ్యకు. తోకా కొయ్యకు. పొలుసు తీసి, కడుపు శుభ్రం చేసి ఇవ్వు. చేప చేపలాగే ఉండాలి."

"ఇంత చేప మీ గిన్నెలో పట్టుద్దా అమ్మగోరూ?"

"పట్టకపోతే గిన్నె మారుస్తాను."

అచ్చమ్మ నవ్వింది. ఉప్పెన తర్వాత దివిసీమ నుంచి గిలకలదిండి వచ్చేసి, అప్పటి నుంచీ ఈ వీధిలో చేపలమ్ముతున్న మనిషి. "ఏటా ఈ రోజుల్లో ఒకసారి ఇట్టాగే అడుగుతారు. ఏదో మీ పండగని నాకు తెలుసులే. మీ అత్తగోరున్నప్పుడు తలుపు చాటున గుసగుసగా సెప్పేవోరు. ఇయ్యాలేంది, ఈదంతా ఇనపడేట్టు అరుస్తన్నారు?"

"ఈ ఏడు వినపడనీ అనుకున్నాను," అంది మెయ్‌యింగ్.

బందరు బచ్చుపేటలో ఆ ఇంటిని చైనా డాక్టరుగారి ఇల్లంటారు. కింది వాటాలో ముందుగది ఆస్పత్రి, వెనక గదుల్లో కాపురం. పై వాటాలో ఇంటి యజమాని శివరామయ్య, ఆయన భార్య రావమ్మ. మెట్లు దిగితే రెండు వాటాలకూ ఒకటే వాకిలి. డాక్టర్ చెన్ తండ్రి కాలం నుంచీ ఆ ముందుగదిలోనే పళ్ళు పీకుతున్నారు, కట్టుడు పళ్ళు కడుతున్నారు. ఊళ్ళో సగంమంది పెద్దలు ఆ ఇంట్లో చేసిన పళ్ళతోనే మురుకులు నములుతారు.

మెయ్‌యింగ్ పుట్టింది కలకత్తాలో, ఒక చైనా కుటుంబంలో. డాక్టర్ చెన్‌ను పెళ్ళాడి బందరు వచ్చింది. ఈ వీధి ఆమె పేరును నాలుక్కి అనువుగా తిప్పుకుని మేయమ్మ అని పిలిచింది. చీర కట్టడం, మాగాయ పెట్టడం, కూరగాయల బండి దగ్గర గీచి గీచి బేరమాడడం అన్నీ ఇక్కడే నేర్చుకుంది. అయినా చాలా ఏళ్ళపాటు పోలీసు ఆఫీసు మెట్లెక్కి, తను పరాయి దేశస్థురాలినని సంతకం పెట్టి రావలసి వచ్చింది. గుడివాడలో మరిదిగారింటికి భోజనానికి వెళ్ళాలన్నా చెప్పి వెళ్ళవలసి వచ్చింది. అక్కడి గుమాస్తా ప్రతిసారీ "మీరు మాకంటే బాగా మాట్లాడతారండీ తెలుగు" అని మెచ్చుకుంటూనే, పరాయి అని రాసున్న చోట వేలు పెట్టి చూపించేవాడు.

కొత్తగా కాపురానికి వచ్చిన ఏడు ఆమె ఒక పొరపాటు చేసింది.

వాళ్ళ కొత్త సంవత్సరం మాఘమాసం అటూ ఇటూగా అమావాస్య నాడు వస్తుంది. ముందురోజే ఇల్లంతా మూలమూలలా దులిపి, కడిగి, చీకటి పడకముందే చీపుళ్ళు దాచేస్తారు. పండగ రోజు చీపురు ముట్టరు. కొత్త సంవత్సరంతో పాటు గడప లోపలికి వచ్చిన కలిమి దుమ్ములో కలిసి బయటికి పోతుందని వాళ్ళ నమ్మకం. పుట్టింట్లో చేసినట్టే కొత్తకోడలు ఆ రోజు వాకిలి ఊడవలేదు. ఊడవని వాకిలికి ఈ ఊళ్ళో అర్థం వేరే ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

సూర్యుడు వచ్చేసరికి కళ్ళాపి లేదు, ముగ్గు లేదు. ఎదురింటి వీరమ్మ చూసింది. గుండె మీద చెయ్యి వేసుకుంది. కాసేపట్లో వీధి మొత్తం ఆ గుమ్మం ముందుకి చేరింది. మగవాళ్ళు భుజాల మీద తువ్వాళ్ళు వేసుకుని నిలబడ్డారు. పాడెకు వెదుళ్ళ కోసం ఒకాయన అప్పుడే సైకిలెక్కాడు. తలుపు తీసిన కొత్తకోడల్ని వీరమ్మ వాటేసుకుని "ఎంత పని జరిగిపోయిందే తల్లీ, ఎంత మంచి మనిషే మీ మావగారూ" అని గొల్లుమంది. ఎర్రపట్టు చీరలో ఉన్న కోడలికి ఏమీ అర్థం కాలేదు. ఇంతలో ఆ మావగారే, ఉడకేసిన కజ్జికాయలాంటిది ఒకటి బుగ్గన పెట్టుకుని, ఏమిటీ గోలని బయటికి వచ్చాడు.

వీధంతా పడీపడీ నవ్వింది. అత్తగారు మాత్రం నవ్వలేదు. చైనాతో యుద్ధం జరిగిన రోజుల్లో ఇదే గుమ్మంలోంచి ఆమె భర్తను పోలీసులు తీసుకుపోయారు. నల్ల జుట్టుతో వెళ్ళిన మనిషి తెల్ల జుట్టుతో తిరిగొచ్చాడు. ఆ తర్వాత ఆవిడ బోర్డు మీద 'చైనీస్ డెంటిస్టు'లో మొదటి మాటకు రంగు పూయించేసింది. ఆ రోజు జనం వెళ్ళిపోయాక తలుపు గడియ వేసి కోడలికి ఒక్కటే చెప్పింది. "నలుగురూ మన గుమ్మం వైపు తిరిగి చూసే పని ఇంకెప్పుడూ చెయ్యకు."

అప్పటి నుంచీ పండగ రోజు వీధి లేవకముందే లేచి వాకిలి ఊడ్చేది మెయ్‌యింగే. కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టి, లోపలికొచ్చి కిటికీలు మూసి, అప్పుడు పండగ చేసుకునేవాళ్ళు. టపాకాయలు కాల్చేవాళ్ళు కాదు. గట్టిగా నవ్వేవాళ్ళు కాదు. వచ్చే సంవత్సరాన్ని గడపలోనే చీపురుతో కొట్టి పంపేస్తున్నట్టు ప్రతి ఏడూ ఆమె చెయ్యి బరువెక్కేది. కడుపులోనే పోయిన బిడ్డ, పక్షవాతంతో మంచాన పడిన మావగారు, ఏ కష్టమొచ్చినా ఆ చీపురే కళ్ళ ముందు కదిలేది. ఎవరితోనూ అనలేదు.

కిందటేడు అత్తగారు మంచంలో ఉంది. తెల్లవారకముందే వాకిట్లో చీపురు చప్పుడు విని, గోడ వైపు తిరిగి పడుకుంది. తడిచేతులతో లోపలికొచ్చిన మెయ్‌యింగ్‌కు ఆవిడ భుజాలు కదలడం కనిపించింది. "ఊడ్చేశానత్తయ్యా" అంది. ముసలావిడ ఇటు తిరక్కుండానే, "ఎన్నేళ్ళు ఊడ్చి పారబోయించానే నీచేత" అంది. వానాకాలంలో పోయింది.

అందుకే ఈ ఏడు ఊడవకూడదనుకుంది మెయ్‌యింగ్. చాటుగా కాదు, చెప్పి మరీ. సోమవారం సాయంత్రం ఇల్లంతా దులపడం అయ్యాక, ఈనెల చీపురు, మెత్తని చీపురు రెండూ బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకుని మేడ మీదకి వెళ్ళింది.

"పిన్నిగారూ, రేపొక్కరోజు నేను వాకిలి ఊడవను. మా పండగ. ముందే చెబుదామని వచ్చాను."

రావమ్మ బియ్యంలో రాళ్ళేరుతూ తలెత్తింది. ఆవిడ నోరు తెరవకముందే పడక్కుర్చీలోంచి శివరామయ్య అందుకున్నాడు. "రేపు మంగళవారం, అందులోనూ అమావాస్య. పండగేమిటమ్మా?"

"దీపావళి అమావాస్య కాదా బాబాయిగారూ?"

"అబ్బో! ఇన్నేళ్ళూ ఈ పండగ ఎక్కడ దాక్కుందో?"

"మా ఇంట్లోనే దాక్కుందండీ. మీ కిందనే."

శివరామయ్య పేపరు మడిచాడు. "చూడు మేయమ్మా. ఆ వాకిలి నీ ఒక్కదానిదే కాదు. శవం లేచిన ఇంటిలా నా గుమ్మం కనపడడానికి వీల్లేదు. ఊడవని వాళ్ళు నా ఇంట్లో ఉండక్కర్లేదు. డాక్టరుగారికి కూడా చెప్పు ఈ మాట. పొద్దున్న చూస్తాను."

కిందికొచ్చి చెబితే డాక్టర్ చెన్ ముఖం పాలిపోయింది. ఆవిరి మీద ఉడికిన పండుగప్ప తలా తోకా పళ్ళెం అంచులు దాటి బల్ల మీద ఉంది. పక్కన రొయ్యలు కూరిన కజ్జికాయలు, బెల్లం వేసి ఉడికించిన బియ్యప్పిండి దిమ్మ, మిఠాయి కొట్లో తెచ్చిన బందరు లడ్డూలు. ఆయన దేన్నీ ముట్టలేదు.

"నాన్న కూర్చున్న కుర్చీ అది," అన్నాడు ముందుగది వైపు చూస్తూ. "పోనీ నేనే లేచి ఊడుస్తాలే. నీకు పాపం అంటదు."

"చేతులు మారితే దుమ్ము మారుతుందా? తాళంచెవి నా దగ్గరుంది. ఇవ్వను."

"ఇల్లు పోతుంది మెయ్."

"పోనీండి. పన్ను నొప్పెట్టినవాడు మనం ఎక్కడున్నా వెతుక్కుంటూ వస్తాడు. మనకి నొప్పెడితే ఎక్కడికి వెళ్ళామండీ ఇన్నాళ్ళూ? కిటికీలు మూసుకున్నాం." ఆమె చేప తల ఆయన వైపు తిప్పింది. పెద్దవాళ్ళ వైపు తిప్పాలి తల. "తినండి. సగం రేపటికి మిగలాలి, మిగిలితేనే కలిమి."

మంగళవారం తెల్లవారుతుండగా చీపురు చప్పుడుకు ఆమె ఉలిక్కిపడి లేచింది. చెయ్యి నడుముకు పోయింది. తాళంచెవి అక్కడే ఉంది. కిటికీ తీసి చూస్తే రావమ్మ.

ఆవిడ మెట్ల వైపు నుంచి ఊడ్చుకుంటూ వచ్చి సరిగ్గా వాకిలి మధ్యలో ఆగిపోయింది. అక్కడి దాకానే కళ్ళాపి చల్లింది. ముగ్గు కూడా అక్కడి దాకానే పెట్టింది. పద్మానికి ఇటువైపు రేకుల్లేవు. ఒక సగం పచ్చగా, తడిగా, తెల్లని గీతలతో ఉంది. రెండో సగం నిన్నటి దుమ్ముతో, రాత్రి రాలిన వేపాకులతో పొడిగా ఉంది. ఎవరో కత్తిపీటతో కోసినట్టు మధ్యలో గీత.

మెయ్‌యింగ్ ఎర్రపట్టు చీర కట్టుకుంది. తలుపులు బార్లా తీసింది. కోనేరు సెంటర్లో కొన్న ఎర్ర కాగితాల మీద డాక్టరుగారిచేత నల్ల సిరాతో చైనా అక్షరాలు రాయించి ఉంచింది. వాటిని గుమ్మానికి అటొకటి ఇటొకటి అంటించి, ఊడవని సగం ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

ఎదురింట్లోంచి వీరమ్మ కర్ర పట్టుకుని నెమ్మదిగా వచ్చింది. ఇప్పుడు ఆవిడ నోట్లో ఉన్నవి డాక్టరుగారు కట్టిన పళ్ళే.

"మేయమ్మా, ముందే అడుగుతున్నాను. అందరూ బాగున్నారా?"

"అందరం బాగున్నాం. పండగ."

"అదే పండగా? ఆనాడు నన్ను వీధిలో నవ్వులపాలు చేసిందే, అదేనా?"

"అదే."

"ఈసారి ఏడవనులే. ఏదీ, మీ మావగారి బుగ్గలో ఆవేళ ఏదో ఉంది, అది పెట్టు. అప్పటి నుంచీ అడుగుదామనుకుంటున్నాను."

ఆవిడ రెండోది నములుతుండగా శివరామయ్య మెట్లు దిగాడు. సగం ముగ్గు చూశాడు, సగం దుమ్ము చూశాడు, గుమ్మం మీది ఎర్ర కాగితాలు చూశాడు. మెయ్‌యింగ్‌తో మాట్లాడలేదు. "డాక్టరుగారూ!" అని లోపలికి కేకేశాడు.

చెన్ తెల్లకోటు గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. బెంచీ మీద కూర్చున్న ఇద్దరు రోగులు కూడా లేచి నిలబడ్డారు.

"మీ నాన్నగారు నాకు అన్నలాంటివాడు. ఆయనెప్పుడూ ఇలాంటివి చెయ్యలేదు. మీరైనా చెప్పండి ఆవిడకి. పట్టుమని పది చీపురు దెబ్బలు. దానికోసం ఇల్లు వదులుకుంటారా?"

అప్పుడే తట్ట నెత్తిన పెట్టుకుని అచ్చమ్మ వచ్చి ఆగింది. ఎవరూ అడక్కుండానే అందుకుంది. "మా మగోళ్ళు ఏటకెళ్తే, ఆళ్ళు కనుచూపు దాటిందాకా మేం చీపురు ముట్టమండి అయ్యగోరూ. ఊడిస్తే మడిసిని ఊడ్చేసినట్టే. ఎవురి బయం ఆళ్ళది. ఆయమ్మ మీ సగం తొక్కలేదు కదా?"

"నువ్వు చేపలమ్ముకోవే."

"అమ్ముకుంటన్నా. ఆయమ్మే కొన్నది, తలకాయతో సహా."

రోగుల్లో ఒకాయన వాచిన దవడ పట్టుకునే నవ్వాడు. శివరామయ్య ముఖం ఎర్రబడింది. "డాక్టరుగారూ, మీరేమంటారు?"

చెన్ వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయాడు. మెయ్‌యింగ్ నడుము తడుముకుంది. తాళంచెవి తన దగ్గరే ఉంది గాని, పక్కింట్లో అడిగితే చీపురు దొరకదా? లోపల స్టూలు జరిపిన చప్పుడయింది. అటక మీద ఏదో డబ్బా పడింది. ఆమె కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది. ఆయనే ఊడ్చినా సరే, తను ఈ కుర్చీలోంచి లేవకూడదనుకుంది.

ఆయన బయటికొచ్చాడు. చేతిలో చీపురు లేదు. దీపావళికి కొని కాల్చకుండా దాచిన సీమటపాకాయల దండ ఉంది, ఎర్ర కాగితం చుట్టుకుని. ఎన్ని దీపావళుల నాటిదో, ఎప్పటి నుంచి దాస్తున్నాడో ఆమెకూ తెలీదు.

"కొంచెం పక్కకు జరగండి బాబాయిగారూ," అన్నాడు మెల్లగా.

అగ్గిపుల్ల గీశాడు. రెండు పుల్లలు ఆరిపోయాయి. మూడోది అంటుకుంది.

బచ్చుపేట అదిరింది. కాకులు లేచాయి. వీరమ్మ చెవులు మూసుకుని, పళ్ళన్నీ కనపడేలా నవ్వింది. పొగ తగ్గేసరికి ఊడవని సగం మీద చిట్లిన ఎర్ర కాగితం ముక్కలు మందారాలు రాలినట్టు పరుచుకున్నాయి. చెన్ వాటి మధ్యలో అగ్గిపెట్టె పట్టుకుని నిలబడ్డాడు. పోలీసులు వస్తారేమోనన్నట్టు ఒకసారి వీధి చివరికి చూశాడు. అలవాటు. తర్వాత చూడ్డం మానేసి, "రండి, ఎవరిది ముందు?" అని రోగుల్ని పిలిచాడు.

"నెలాఖరుకి ఖాళీ చెయ్యండి," అన్నాడు శివరామయ్య.

"చేస్తాం," అంది మెయ్‌యింగ్. "ఇవాళ మాత్రం ఆ మాట కూడా మాట్లాడను. ఇవాళ మా ఇంట్లోంచి ఏదీ బయటికి పోదు. లడ్డూ తీసుకోండి బాబాయిగారూ."

ఆయన తీసుకోలేదు.

ఆ రోజంతా తలుపులు తెరిచే ఉన్నాయి. పళ్ళ కోసం వచ్చినవాళ్ళు కజ్జికాయ తిని వెళ్ళారు. పళ్ళు లేనివాళ్ళు బెల్లం దిమ్మ తిన్నారు. సాయంత్రం సముద్రం గాలి తిరిగింది. కాగితం ముక్కలు ఒక్కొక్కటే లేచి, మధ్య గీత దాటి, రావమ్మ ముగ్గు మీద వాలాయి. పద్మానికి లేని రేకులన్నీ ఎర్రగా వచ్చి చేరినట్టయింది.

మేడ మీద దేవుడి దగ్గర దీపం పెట్టి వస్తూ రావమ్మ అది చూసింది. విసవిసా కిందికి దిగి, మెట్ల కింద చీపురు తీసి, వంగింది. వంగిన మనిషి అలాగే ఆగిపోయింది.

గుమ్మంలోంచి మెయ్‌యింగ్ చూస్తోంది. "ఊడవరేం పిన్నిగారూ?"

రావమ్మ చాచిన చీపురు వెనక్కి తీసుకుంది.

"దీపాలు పెట్టాక మీరు ఊడవరుగా? ఇంట్లోకొచ్చిన లక్ష్మి వెళ్ళిపోతుందని. ఇన్నేళ్ళలో మీరు ఒక్క సాయంత్రం ఊడవగా నేను చూడలేదు. మా లక్ష్మి పొద్దున్నే వచ్చింది. అంతే తేడా. మీరు రోజూ సాయంత్రం చేసేదే, నేను ఏడాదికి ఒక్కరోజు చేశాను. దానికి నేను ఇల్లు వదలాలా?"

రావమ్మ నిటారుగా లేచింది. చీపురు వంక చూసింది, మేడ మీది దీపం వంక చూసింది. చీపురును మెల్లగా, చప్పుడు కాకుండా మెట్ల కింద పెట్టేసి పైకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న మెయ్‌యింగ్ బీరువా తీసింది. అందరూ చూస్తుండగా వీధి వైపు నుంచి ఇంటి వైపుకి ఊడ్చింది. ఎర్ర ముక్కలు, వేపాకులు, దుమ్ము, అన్నీ గడప దాటించి, ముందుగదిలోంచి, కాపురపు గదుల్లోంచి, పెరటి తలుపు దాకా తీసుకెళ్ళింది. కలిమి బయటికి పోకుండా పండగ తర్వాత ఊడ్చేది అలాగే. ఇదివరకు ఎప్పుడూ అలా ఊడవలేదు ఆమె.

శివరామయ్య మెట్ల మీద నిలబడి అదంతా చూశాడు. రాత్రి మేడ మీద ఏం మాటలు జరిగాయో, గొంతు కొంచెం తగ్గింది. "ఒక్క మాట ఇవ్వు మేయమ్మా. వచ్చే ఏడు ఇలా చెయ్యనని చెప్పు. ఉండండి, ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు."

ఆమె చీపురు ఆపింది. ముందుగదిలో మావగారి కుర్చీ కనపడుతోంది. డాక్టర్ చెన్ దాని పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయన కళ్ళు దించుకోలేదు.

"ఇవ్వనండీ," అంది.

రెండు వీధుల అవతల రిటైరైన మాస్టారు జకరయ్యగారి ఇంట్లో ముందు వాటా ఖాళీగా ఉందని అచ్చమ్మ చెప్పింది. అడ్వాన్సు ఇవ్వకముందే మెయ్‌యింగ్ ఆయన ముందు నిలబడి అడిగింది. "ఏడాదికి ఒక్కరోజు వాకిలి ఊడవను. టపాకాయలు కాలుస్తాం. కిటికీలు మూయం. సరేనా?"

జకరయ్య కళ్ళజోడు తీశాడు. "మేం అసలు ముగ్గే వెయ్యమమ్మా. దానికి ఈ వీధి మమ్మల్నెన్ని మాటలందో నీకేం తెలుసు? నువ్వు కాల్చుకో."

పెయింటర్ కొత్త బోర్డు రాయడానికి వచ్చినప్పుడు డాక్టర్ చెన్ పాత బోర్డు మీద రంగు పూసిన చోటు చూపించి, "ఇక్కడ చైనీస్ అని ఉండేది, కొత్తదాని మీద మళ్ళీ రాయి. పెద్దగా రాయి," అన్నాడు.

ఇల్లు వదిలే రోజు మెయ్‌యింగ్ చీకటితోనే లేచింది. పాత వాకిలి రెండు సగాలూ ఊడ్చింది. కళ్ళాపి చల్లింది. మెట్ల మొదలు నుంచి వీధి అంచు దాకా ముగ్గు పెట్టింది. పద్మం నిండుగా వచ్చింది. దిగొచ్చిన శివరామయ్య అడుగు ఎక్కడ వెయ్యాలో తెలీక మెట్టు మీదే ఉండిపోయాడు.

"ఊడవడం చేతకాక కాదండీ," అందామె, తాళాలు ఆయన చేతిలో పెడుతూ.

మావగారి కుర్చీ, పళ్ళ అచ్చులున్న పెట్టెలు రిక్షా బండి మీదకి ఎక్కించారు. పెట్టెల్లో కుక్కిన వరిగడ్డి ముగ్గు నిండా రాలింది. బండి కదిలింది. మెయ్‌యింగ్ వెనక నడుస్తోంది. మలుపు దాకా రాకముందే శివరామయ్య గొంతు వినపడింది. "ఏమేవ్, ఆ గడ్డీ గాదం ఊడ్చెయ్ ముందు."

ఆ వెనకే రావమ్మ గొంతు, మేడ మీద నుంచి వీధంతా వినపడేలా: "మనుషులు ఇప్పుడే గడప దాటారు. అప్పుడే ఊడుస్తారా ఎవరైనా? ఇవాళ ఊడవను."